గంగమణి బండికి ఎన్ని వాట్లు?

ఆర్మూర్ ఎందుకు వెళ్లావని మా ఊళ్లో అడిగిన వాళ్లందరికీ స్కూటర్ మోటరు చూడ్డానికని చెప్పాను. దుగ్గిరాల నుంచి ఒక మనిషి రాష్ట్రం దాటి అంత దూరం వెళ్లి స్కూటర్ మోటరు చూసి రావడమేమిటని అదోలా చూశారు. పసుపు చూసొచ్చానంటే వెంటనే నమ్మేవాళ్లు. కానీ పసుపు మార్కెట్ మా ఊళ్లోనే ఉంది, దాన్ని చూడ్డానికి నేను వీధి చివరికి కూడా వెళ్లను.

నాది మోటార్ల వైండింగ్ పని. కాలిపోయిన పంపుసెట్టు మోటరు తెచ్చిస్తే లోపలి పాత రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాను. ఇంతకుముందు ఏడేళ్లు మస్కట్‌లో ఇదే పని చేశాను. అక్కడ నా పక్క మంచం నడ్పి గంగారాంది. నేను తిరిగొచ్చేశాను, వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. పోయిన జనవరిలో ఫోన్ చేశాడు.

"అన్నా, గంగమణి కరెంటు బండి కొంటనంటున్నది. రెండు వందల యాభై వాట్లదట. జర నువ్వు పోయి చూడు. వెయ్యికి తక్కువ వద్దని చెప్పు. నా మాట ఇంటలేదు, నీ మాట ఇంటది."

గంగమణి వాడి భార్య. నన్ను ఆమె చూసింది ఒకే ఒక్కసారి, అదీ వీడియో కాల్‌లో, చిరిగిన బనీనులో. నా మాట ఎందుకు వింటుందో నాకు అర్థం కాలేదు. గంగారాం అసలు సంగతి అప్పుడు చెప్పాడు. గంగమణి బీడీలు చుట్టడం మానేస్తోందట. ఆలూర్‌లో పసుపు తవ్వే కూలీలకి రోజూ మధ్యాహ్నం అన్నం వండి తీసుకెళ్లడానికి ఒక రైతుతో ఒప్పుకుంది. సోమవారం నుంచి నలభై మందికి.

"గిది నడిచిందనుకో, ఇగ నేను వీసా రెన్యువల్ చేయించుకోనన్నా. వచ్చేస్త."

వచ్చేస్తానని వీడు అనడం నాకు కొత్త కాదు. ఏడేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కాకపోతే ఈసారి ఆ మాట వెనకాల ఒక బండి, నలభై మంది ఆకలి ఉన్నాయి. బండి సరైనది కాకపోతే అన్నం పొలానికి చేరదు, అన్నం చేరకపోతే వీడు ఇల్లు చేరడు. అందుకని బయల్దేరాను. అంకాపూర్ కోడికూర తినొచ్చన్న ఆలోచన కూడా ఉంది, దాచడమెందుకు.

డిచ్‌పల్లి దాకా

ఆర్మూర్ వెళ్లే బస్సెక్కాక, దారిలో డిచ్‌పల్లిలో దిగి పాత రామాలయం చూడాలనుకున్నాను. నా పక్క సీట్లో ఒక పెద్దాయన వైండింగ్ చేయించిన బోరు మోటరుని గోనెసంచిలో చుట్టి కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. దాన్ని చూశాక నేనిక గుడి దగ్గర దిగుతానా? వేరేవాడు చుట్టిన మోటరు కనిపిస్తే నాకు చేతులు ఊరుకోవు. సంచి విప్పించి, చూసి, పని బాగుందని ఒప్పుకున్నాను. బాగుందని ఒప్పుకోవడం నాకు కొంచెం కష్టమే అయింది.

ఎక్కడికి, ఏం పని మీదని అడిగాడు. చెప్పాను.

"రెండు వందల యాభై వాట్లంటే ఎన్ని హెచ్‌పీ?" అన్నాడు.

"ఒక హెచ్‌పీలో మూడో వంతు పెద్దాయనా."

"అంటే గుర్రంల మూడో వంతా?" కాసేపు ఆలోచించాడు. "ముందటి కాళ్లా, ఎన్కటి కాళ్లా?"

బస్సులో నలుగురు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు, సమాధానం కోసం నా వైపే చూస్తున్నాడు. డిచ్‌పల్లి స్టేజీ ఆ నవ్వులో దాటిపోయింది. రాముణ్ణి చూడకుండానే ముందుకు వెళ్లిపోయాను.

ఆర్మూర్, మొదటి రోజు

ఈ వైపు ఒక పద్ధతి ఉంది. అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురికీ ఒకటే పేరు. పెద్ద గంగారాం, నడ్పి గంగారాం, చిన్న గంగారాం. మా వైపు ఒక తాత పేరు ఇద్దరు మనవలకి పెడితేనే పెళ్లిళ్లలో మాటలు వస్తాయి. ఇక్కడ ఒకే ఇంట్లో ముగ్గురిని పెట్టుకుని హాయిగా ఉన్నారు. నాకు పడక పెద్ద గంగారాం ఇంట్లో వేశారు. గంగమణి, అత్తగారు పక్కింట్లో ఉంటారు.

గంగమణి వసారాలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకులో పొగాకు వేయడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం, అన్నీ నాతో మాట్లాడుతూనే జరిగిపోతున్నాయి. చేతుల వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఇరవై ఏళ్ల నుంచి తీగ చుడుతున్న నాకే అసూయ పుట్టింది.

"అన్నా, కూసోర్రి. గీ వారమే ఆఖరు. సోమవారం కెల్లి చాట ముట్ట," అంది.

పళ్లెం నిండా మక్క గారెలు తెచ్చి పెట్టింది. మొక్కజొన్నని గారెలుగా వండొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మేం కాల్చి ఉప్పూ కారం రాసి తింటాం, అంతకుమించి దాన్ని పట్టించుకోం. నాలుగు తిన్నాక పనిలోకి దిగాను.

"చెల్లెమ్మా, బండి మీద బరువెంత పడుతుంది?"

"నేను యాభై రెండు కిలోలు. గిన్నెలు, అన్నం, పప్పు అన్ని గలిపి నలభై."

"ఇంకా?"

"గంతే."

"వెనకాల ఎవరూ కూర్చోరా?"

"ఎవలు కూసుంటరు?" అంది. వెటకారమేమీ లేదు. నిజంగానే అడిగింది. నేను ఐదో గారె తీసుకున్నాను.

షోరూంలో మిక్సీ

రెండో రోజు పొద్దున బండ్ల షాపుకి వెళ్లాం. ఓనరు శ్రీకాంత్ అనే కుర్రాడు, మర్యాదస్తుడు, కాకపోతే తిన్నగా ఒక్క మాట చెప్పడు. రెండు బండ్లు చూపించాడు. ఒకటి రెండు వందల యాభై వాట్లది. పాతిక స్పీడు దాటదు, లైసెన్స్ అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. రెండోది పన్నెండు వందల వాట్లది. దానికి అన్నీ కావాలి. గంగమణికి లైసెన్స్ లేదు. ఇప్పుడు పెట్టుకుంటే లర్నింగ్ అయ్యి, ఆగి, పరీక్షకి వెళ్లేసరికి పసుపు తవ్వడం అయిపోతుంది.

గంగమణి చిన్న బండి చుట్టూ తిరిగింది. "మా మిక్సీ ఏడు వందల యాభై వాట్లు. గీ బండేమో రెండు వందల యాభై. మిక్సీ మీద కూసోని పోతె జల్ది పోతనేమో."

శ్రీకాంత్ ఇబ్బందిగా నవ్వాడు. వాడికి జవాబు తెలియదు. నాకు తెలుసు, పైగా తెలుసన్నది చూపించుకోవాలని చాలా ఉంది.

"మిక్సీని ఆపకుండా గంటసేపు తిప్పితే ఏమవుతుంది?"

"కాలిపోతది."

"అదీ సంగతి. మిక్సీ మీద రాసేది రెండు నిమిషాల బలం. దీని మీద రాసేది రోజంతా వేడెక్కకుండా లాగే బలం. బోరుకి మోటరు ఎలా ఎంచుతారు? లోతెంత, నీళ్లెన్ని అని అడుగుతారు. బండికీ అంతే. ఎంత బరువు, ఎంత ఎత్తు, ఒక ఛార్జింగ్‌తో ఎంత దూరం. బ్యాటరీ నీ బోరు అనుకో."

"అయితె పెద్ద మోటరు పెట్టి గట్టిగ లాగితె బోరు ఎండుతది," అంది వెంటనే. "మా బావ గట్లనే చేసిండు. రెండించుల నీళ్లకు పది హెచ్‌పీ దించిండు. అర్ధ గంట పోసుడు, ఆరు గంటలు సూసుడు."

నేను ఒక పూటంతా చెప్పాలనుకున్న పాఠం ఆమె ఒక్క ముక్కలో ముగించింది. నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషంలోనే తప్పు చేశాను. అయినా చిన్నది చాలదని, కావాలంటే గుట్ట ఎక్కించి చూపిస్తానని అన్నాను.

సిద్ధులగుట్ట

ఆర్మూర్‌లో ఊరి నెత్తి మీదే సిద్ధులగుట్ట ఉంటుంది. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి, ఎవరో తొందరలో పేర్చి వెళ్లిపోయినట్టు ఉంటాయి. పైన గుడి, గుడి దాకా ఘాట్ రోడ్డు. ఏ బండి కొన్నా, షోరూం నుంచి తిన్నగా గుట్ట మీదికి తీసుకెళ్లి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. భార్య, పిల్లలు, పూజ సామాను అందరూ ఆ బండి మీదే ఎక్కాలి. కొత్త బండి ఉండగా పాత బండి మీద వెళితే ఏం మర్యాద?

అది చూపించడానికి శ్రీకాంత్ దగ్గర చిన్న బండి డెమోది అడిగి తీసుకున్నాను. నేను నడిపాను, గంగమణి వెనక కూర్చుంది. నా బరువు తొంభై రెండు కిలోలు. మొదటి మలుపు బాగానే ఎక్కాం. రెండో మలుపులో పక్క నుంచి నడిచి వెళ్తున్న మేక మమ్మల్ని దాటిపోయింది. మూడో మలుపులో బండి ఆగిపోయింది. నేను యాక్సిలరేటర్ వదల్లేదు. ఇంతలో వాసన వచ్చింది. వేడెక్కిన వైండింగ్ వార్నిష్ వాసన. ఇరవై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్న వాసన అది, నిద్రలో కూడా గుర్తుపడతాను.

పైనుంచి దిగుతున్న ఒక అవ్వ కొబ్బరి చిప్పలతో ఆగింది. నన్ను వదిలేసి గంగమణిని కోప్పడింది. "గింత పెద్దమనిషిని ఎక్కించుకోని గుట్ట మీదికి తెస్తరా బిడ్డా? బండికి పాణముండదా?"

దిగి, బండిని వెనక్కి తిప్పి, బ్రేకులు పట్టుకుని కిందికి నడిపించుకొచ్చాం. మోటరు చల్లారాక మళ్లీ తిరిగింది, నా అదృష్టం. చొక్కా తడిసి ముద్దయినా లోపల మాత్రం గెలిచినట్టే ఉంది. గుట్ట కిందే నిలబడి గంగారాంకి ఫోన్ చేసి, నువ్వన్నదే రైటు, వెయ్యికి తక్కువైతే కుదరదు అని చెప్పేశాను.

గంగమణి కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోన్ పెట్టేదాకా ఆగింది.

"అన్నా, ఒక మాట. గుట్ట మీద అన్నం ఎవలకు పెట్టాలె? నా కూలీలు ఆలూర్ల ఉన్నరు."

ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర రెండు చాయ్‌లు చెప్పాను. పది రూపాయలు, మా ఊరి గ్లాసులో సగం, కానీ చిక్కన.

అంకాపూర్

ఆ సాయంత్రం శ్రీకాంత్ షాపు మెకానిక్ యూసుఫ్ భాయ్ తన పెట్రోలు బండి మీద నన్ను అంకాపూర్ తీసుకెళ్లాడు. ఇక్కడ కోడికూర ప్లేటు లెక్కన అడిగితే వింతగా చూస్తారు. కోడి లెక్కే. నాటుకోడి మొత్తం వండి, అన్నంతో కలిపి కట్టిస్తారు, ఎనిమిది వందలయింది. మా వైపు ఆ డబ్బుకి నలుగురం హోటల్లో కూర్చుని నాలుగు ముక్కలు పంచుకుని తింటాం. ఇక్కడ ఇద్దరం చెట్టు కింద కూర్చుని తిన్నాక కూడా మిగిలింది. కారం చెవుల్లోంచి బయటికొచ్చింది. కారం విషయంలో గుంటూరు మనిషినన్న పొగరు ఆ చెట్టు కిందే వదిలేశాను.

గుట్ట సంగతి చెబితే యూసుఫ్ భాయ్ చెయ్యి నాకుతూ తల ఊపాడు. "సాబ్, నా దగ్గరికొచ్చే కాలిన చిన్న మోటర్లు సగం మొదటి రోజువే. హ్యాండిల్ మీద కుంకుమ గూడ ఆరదు. పూజ కోసం నలుగురు ఎక్కుతరు, గుట్ట సగంల కాలుతది. పూజ చేసినా గిట్లైందేందని మళ్ల నన్నే అడుగుతరు."

"మరి పెద్ద మోటరు కొనాలిగా?"

"మొదటి రోజు కోసం కొంటరా, రోజూ తిరిగే తొవ్వ కోసం కొంటరా?"

కోడి ఖర్చు నాది, తెలివి ఆయనది. ఇస్తరాకు మడిచి లేచాను.

ఆలూర్ తొవ్వ

మూడో రోజు చిన్న బండి మీద గంగమణి రోజూ వెళ్లబోయే దారిలో వెళ్లాం. అప్పుడే నాకు తట్టింది. గంగమణి యాభై రెండు, గిన్నెలు నలభై, మొత్తం తొంభై రెండు. సరిగ్గా నేను. అంటే నేనొక్కణ్ణీ ఎక్కితే రేపటి బండి అదే. ఇన్నేళ్లు తిన్న తిండికి ఒక ప్రయోజనం దొరికింది. గంగమణి ఊరివాళ్ల ఆటోలో వెనక వచ్చింది, నేను అన్నం గిన్నెలకి బదులుగా ముందు వెళ్లాను.

తారు రోడ్డు సాఫీగా సాగింది. పొలాల్లోకి తిరిగాక మట్టిబాట, చివర్లో కాలువ మీది చిన్న కట్ట. ఎత్తంటే అదొక్కటే. బండి మెల్లగా, ముక్కుతూ మూలుగుతూ ఎక్కింది. కట్ట మీద ఆగి మోటరు మీద చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది కానీ చెయ్యి తీసేసుకోవాల్సినంత కాదు. వార్నిష్ వాసన లేదు.

కట్ట అవతల ట్రాక్టరుతో పసుపు పెకలిస్తున్నారు. ఆడవాళ్లు మట్టి దులిపి కొమ్ములు కుప్ప పోస్తున్నారు. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు. మా ఊరి పసుపు గొప్పదని నేను ఒక మాటన్నాను, రైతు ఒక పచ్చి కొమ్ము విరిచి నా చేతిలో పెట్టాడు. ఆ రంగు రెండు రోజులు వేలిని వదల్లేదు. ఇక మా ఊరి సంగతి ఎత్తలేదు.

తిరిగొచ్చేటప్పుడు గంగమణిని వెనక ఎక్కమన్నాను. చదును బాటలో ఇద్దరినీ లాగింది. కట్ట దగ్గర మొరాయించింది. ఇద్దరం దిగాం.

"చూశావా. రేపు గంగారాం వస్తాడు. గిన్నెలతో పాటు వాడు కూడా వెనక కూర్చుంటే ఇది ఎక్కదు. అందుకే వాడు పెద్దది అంటున్నాడు."

గంగమణి కట్ట మీద కూర్చుంది.

"అన్నా, పెండ్లయి పద్నాలుగేండ్లాయె. అన్ని గలిపితె పద్నాలుగు నెలలు గూడ ఇంట్ల లేడు. మొదట్ల ప్రతి దానికి ఆయన లెక్క పెట్టిన. మంచం పెద్దది కొన్న. కుక్కర్ పెద్దది కొన్న. వస్త వస్తనంటడు, ఆ కుక్కర్ల ఇద్దరం ఆడోళ్లం అడుగున ఇంత అన్నం వండుకుంటం. ఇగ ఆయన బరువు నేను మొయ్య. సోమవారం నలభై మంది ఆకలితోని కూసుంటరు. వాళ్లది లెక్క పెడుత."

ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. నాకే సిగ్గేసింది. మస్కట్ నుంచి నేను తిరిగొచ్చిన రోజు మా ఆవిడ నన్ను చూసి మళ్లీ పొయ్యి వెలిగించింది. వండిన అన్నం ఆమెకీ పిల్లాడికీ సరిపడా ఉంది, నాకు లేదు. అప్పుడు నేను కోపం తెచ్చుకున్నాను. వస్తున్నానని చెప్పాను కదా అని అరిచాను. ఎన్నిసార్లు చెప్పి రాలేదో ఆ రోజు నాకు గుర్తు రాలేదు. ఆ కట్ట మీద నిలబడ్డప్పుడు వచ్చింది.

చిన్నదే కొను, నీ దారికి అదే సరైనది అన్నాను.

"నేను గదే అంటున్న గదా మొదటి సంది," అంది.

కొన్న రోజు

నాలుగో రోజు బండి కొన్నాం. గంగమణి పూజ గుట్ట కిందే చేయించింది. కాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, బండి అక్కడే పెట్టి, కొబ్బరి చిప్ప పట్టుకుని తను మాత్రం నడిచి పైకి వెళ్లొచ్చింది. నేను కింద బండికి కాపలా ఉన్నాను. గుట్టతో నాకు అప్పటికే లెక్క తేలిపోయింది.

తర్వాత యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్లాం. గిన్నెలు కదలకుండా కూర్చోవాలంటే వెనక సీటు తీసేసి ఇనుప స్టాండు పెట్టాలి. ఆయన సీటు విప్పేసి, స్టాండు సరిచూసి, వెల్డింగ్ మిషను లాక్కొచ్చాడు.

"వెల్డింగ్ వద్దు," అంది గంగమణి. "బోల్టులు పెట్టుర్రి."

"మట్టిబాటల బోల్టులు వదులైతయ్ అమ్మా," అన్నాడు యూసుఫ్ భాయ్.

నేనూ ఆయనకే వంత పాడాను. నలభై కిలోలు, గుంతలు, రోజూ రెండుసార్లు. వెల్డింగ్ చేయిస్తే పదేళ్లు చూడక్కర్లేదు, బోల్టులైతే వారం వారం చూసుకోవాలి. పనివాడిగా నా మాటలో తప్పేం లేదు.

"వదులైతె బిగించుకుంట. బోల్టులే పెట్టుర్రి," అంది.

నాలుగు బోల్టులు పెట్టాడు. విప్పిన సీటుని గంగమణి షాపులో వదిలేయలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దుమ్ము పట్టకుండా మూతి కట్టి, ఇంటికి తెచ్చి సజ్జ మీద పెట్టింది.

సోమవారం పదకొండున్నరకి గిన్నెలతో ఆలూర్ బయల్దేరింది. బండి మీద నాకు చోటు లేదు గనక బస్టాండుకి నడిచాను. పన్నెండున్నరకి ఫోన్ చేసింది. కట్ట ఎక్కింది, అందరూ తింటున్నారు, పప్పు చాలలేదు, రేపు ఇంకో కిలో వెయ్యాలె అని చెప్పి, నేను ఏదో అనేలోపే పెట్టేసింది.

నేను ఇల్లు చేరిన రోజే గంగారాం ఫోన్. గంగమణి పంపిన ఫొటో చూసి మండిపడుతున్నాడు.

"ఏందన్నా గిది? వెయ్యి వాట్లు కొనిపియ్యమంటె రెండు వందల యాభై కొనిపిచ్చినవ్. పైకెల్లి సీటు గూడ పీకిపిచ్చినవ్. నేనొస్తె ఏడ కూసోవాలె?"

నాకు నిజంగానే ఒళ్లు మండింది.

"ఒరేయ్, అది వెల్డింగ్ కాదు. నాలుగు బోల్టులు. వచ్చేటప్పుడు పదమూడో నంబరు పానా తెచ్చుకో."